మొదటి చేపను వదిలేసే మాస్టారు: ఆయనకు మేము తర్పణం విడవవచ్చునా?

ప్రశ్న
రాసినవారు: లాకుల గట్టు

అందరికీ నమస్కారం. మాకు గాలం వేయడం నేర్పిన మాస్టారు ఈ వేసవి చివర్లో కన్నుమూశారు. ధవళేశ్వరం లాకుల దగ్గర గాని, కొవ్వూరు వైపు వంతెన స్తంభాల నీడలో గాని ఆదివారం పూట గాలం వేసేవారిలో ఆయనను ఎరుగనివారు అరుదు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. రాత్రి గోధుమపిండిలో వేరుశనగ చెక్క కలిపి ఎర ముద్ద సిద్ధం చేసుకుని, తెల్లవారితే కలుద్దామని ఫోనులో చెప్పిన మనిషి, ఆ తెల్లవారుజామునే నిద్రలో వెళ్ళిపోయారు.

ఆయన పక్కన కూర్చున్నవారికి ఆయన చేతులు గుర్తుంటాయి. పడిన చేప నోటి నుంచి ముల్లు తీసే ముందు రెండు చేతులూ నీళ్ళలో ముంచేవారు. పొడి చేత్తో పట్టుకుంటే చేప ఒంటిమీది జిగురు ఊడిపోతుందనీ, వదిలేసినా అది పుండుపడి చస్తుందనీ ప్రతి కొత్తవాడికీ ఓపికగా చెప్పేవారు. కాలువ మలుపుల్లో నాచు పక్కన కొర్రమీను పిల్లలు ఎర్రటి గుంపుగా నీటిపైకి తేలుతుంటాయి. వాటి కిందనే పెద్ద చేపలు కాపలా కాస్తుంటాయనీ, అప్పుడు దగ్గరలో ఏది కదిలినా మీదపడతాయనీ గాలం పట్టిన ప్రతివాడికీ తెలుసు. కప్పను ఎరగా గుచ్చి అక్కడ వేస్తే కొర్రమీను పడడం దాదాపు ఖాయం. మాస్టారు మాత్రం ఆ గుంపు కనబడగానే తన దారం చుట్టేసి, మా చేత కూడా చుట్టించి, ఇంకో చోటికి నడిపించేవారు. పెద్దదాన్ని మనం పట్టుకుపోతే పిల్లలను వాలుగలు ఒక్క పూటలో ఊడ్చేస్తాయనేవారు.

ఆయనకు ఇంకొక నియమం ఉండేది. ఏ రోజైనా మొదట పడిన చేపను, అది అరచేతిలో ఇమిడే పరిగె అయినా సరే, నాలుగు కిలోల శీలావతి అయినా సరే, తిరిగి గోదావరిలో వదిలేవారు. ఎందుకని అడిగితే "మొదటిది నాది కాదు" అనేవారు గాని, అది ఎవరిదో ఏనాడూ చెప్పలేదు.

ఇప్పుడు నా సందేహాలు. మాస్టారు లూథరన్ సంఘానికి చెందినవారు, ఆయనను చర్చి శ్మశానంలోనే భూస్థాపన చేశారు. మేము ఎక్కువమందిమి హిందువులం. మాలో ఒకరు వచ్చే మహాలయ అమావాస్యనాడు తన తండ్రితోపాటు మాస్టారికి కూడా నువ్వులూ నీళ్ళూ విడుస్తానంటున్నారు. నాకూ ఆ కోరిక ఉంది. ఇది ఆయన విశ్వాసానికి, ఆయన కుటుంబానికి అపచారమవుతుందా?

రెండోది ఇంకా బరువైనది. ప్రతి ఆదివారం మా చేతుల్లోనే ఎన్నో చేపల ఊపిరి ఆగిపోయింది, అది మేము చూస్తూనే ఉన్నాం. అయినా మాలో ఒకరు రేపు ఉండరన్న ఊహ ఎవరికీ రాలేదు. వేడుక కోసం ప్రాణాలు తీసేవారికి తమ మరణం వైపు ధైర్యంగా చూసే అర్హత ఉంటుందా? నమ్మకం ఉన్నవారు ఈ విషయాన్ని ఎలా చూస్తారో దయచేసి చెప్పండి.

సమాధానం
రాసినవారు: వశిష్ఠ తీరం

తమ్ముడూ, మీ మాస్టారిని నేను చూడలేదు గాని, మీరు రాసినది చదివాక చూసినట్టే ఉంది.

ముందు తర్పణం సంగతి చెబుతాను. మహాలయ పక్షంలో తర్పణం తల్లిదండ్రుల వంశాలతో ఆగిపోదు. ఆ తరువాత కారుణ్య పితృలని ఒక వరుస ఉంది, అందులో గురువుకూ స్నేహితుడికీ చోటు ఉంది. మీ మాస్టారు రెండూ కాబట్టి, మీ మిత్రుడు ఆయన పేరు చెప్పి నీళ్ళు విడవడంలో శాస్త్రవిరుద్ధమేమీ లేదని నా అవగాహన. అయితే తండ్రి జీవించి ఉన్నవారు పితృతర్పణం చేయరు. మీ నాన్నగారు ఉన్నట్లయితే మీరు ఆ పని మీ మిత్రుడికే వదిలి, ఆ రోజు మాస్టారి పేరున నలుగురికి అన్నం పెట్టండి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. అప్పుడు కూడా చాలామంది బంధువులనే గాక మిత్రులను, పొరుగువారిని తలుచుకుని పిండాలు పెడతారు. ఇది మీ వైపు నుంచి మీ ఋణం తీర్చుకోవడమే గాని, ఆయనను మీ మతంలోకి లాగడం కాదు. ఆ తేడా ఆయన కుటుంబానికి స్పష్టంగా తెలిసేలా మాట్లాడడం మాత్రం మీ బాధ్యత.

మొదటి చేపను వదలడం గురించి చదవగానే నాకు అతిపత్త నాయనారు గుర్తుకు వచ్చారు. తమిళనాట శివభక్తులైన అరవైముగ్గురు నాయనార్లలో ఆయన ఒకరు, నాగపట్టణం తీరాన చేపలు పట్టేవారికి పెద్ద. వలలో పడిన చేపల్లో ఒకదాన్ని ప్రతిరోజూ శివుడిదని సముద్రంలో వదలడం ఆయన వ్రతం. కొంతకాలానికి వేట తగ్గిపోయి రోజుకు ఒకే ఒక్క చేప పడసాగింది. ఆ ఒక్కదాన్నీ వదిలి, ఇంటిల్లిపాదీ పస్తులున్నారు. చివరకు ఒకరోజు ఆ ఒక్కటిగా రత్నాలు పొదిగిన బంగారు చేప పడింది. దాన్నీ వదిలేశారని కథ. ఈ కథలో నన్ను కదిలించేది బంగారు చేప కాదు. చేపలు పట్టడం మానేస్తేనే భక్తుడవుతావని శివుడు ఆయనకు చెప్పలేదు. ఉన్న వృత్తిలోనే, వలలోంచే, ఆయన ఇచ్చిన ఒకదాన్ని స్వీకరించాడు. మీ రెండో సందేహానికి మా వైపు నుంచి దొరికే జవాబు ఇదే అనుకుంటాను.

ఇంకొక మాట. రోజూ ఎందరో యమలోకానికి పోతుంటే చూస్తూ కూడా మిగిలినవారు తాము శాశ్వతమనుకోవడమే అన్నిటికన్నా పెద్ద ఆశ్చర్యమని ధర్మరాజు యక్షుడికి చెప్పిన జవాబు మనందరికీ తెలుసు. అది జరిగినది చెరువు గట్టున, నలుగురు తమ్ముళ్ళు పడి ఉండగా. ఆ యక్షుడు మొదట కొంగ రూపంలో, నాచూ చేపలూ తిని బతికేదాన్నని చెప్పుకుంటూ పలకరిస్తాడు. చివరకు యమధర్మరాజని తెలుస్తుంది. చేపలు పట్టే కొంగ రూపంలోనే మృత్యుదేవత వచ్చి కూర్చున్న కథ మన దగ్గర ఉంది. మీకు రాని ఊహ ఎవరికీ రాదు, దానికి మీరు సిగ్గుపడనవసరం లేదు.

సమాధానం
రాసినవారు: తొమ్మిది గంటల ఆరాధన

మాస్టారు మా సంఘంలోనివారే. ఆదివారం ఎనిమిదిన్నర కాగానే గాలం చుట్టేసి గట్టు మీద నుంచి ఎందుకు లేచేవారో మీకు తెలిసే ఉంటుంది. ఇంటికి వెళ్ళి, చింతపండుతో చేతులు రుద్దుకుని, తెల్ల చొక్కా తొడుక్కుని తొమ్మిదింటి ఆరాధనకు వచ్చేవారు. చివరి బెంచీలో ఆయన పక్కన కూర్చుంటే ఆ చింతపండు వాసన కింద కొంచెం ఎర ముద్ద వాసన కూడా తెలిసేది.

మీరు అడిగిన విధానంలో గౌరవం ఉంది కాబట్టి నేను కూడా దాపరికం లేకుండా చెబుతాను. మా సంఘంలో చనిపోయినవారి కోసం అర్పణలు చేయము. వారిని దేవుని చేతికి అప్పగించామని నమ్ముతాము, వారి జీవితానికి కృతజ్ఞత చెబుతాము, మిగిలినవారిని ఆదరిస్తాము. అందుచేత సమాధి దగ్గర నువ్వులూ నీళ్ళూ విడిస్తే ఆయన భార్యకు, పిల్లలకు కష్టంగా ఉంటుంది. అక్కడ చేయవద్దని మనవి. మీ రేవులో మీరు చేసుకునేదాన్ని కాదనే అధికారం మాకు లేదు, మాలో చాలామంది దాన్ని ప్రేమగానే అర్థం చేసుకుంటారు. మీరందరూ రాదగిన రోజు ఒకటి ఉంది. నవంబరు 2న సమాధుల పండుగ. ముందురోజే గడ్డి పీకి, సమాధికి సున్నం వేసి, ఆ సాయంత్రం పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తాము. దానికి మతం అడ్డు రాదు, తప్పక రండి.

మొదటి చేప విషయంలో మాకు తోచినది ప్రథమ ఫలం. రాబడిలో మొదటి భాగం దేవునిదని బైబిలు చెబుతుంది. కోత పండుగనాడు మా పల్లెల్లో మొదటి కంకులు, మొదటి గుమ్మడికాయ, ఇంట్లో కోడి పెట్టిన గుడ్లు కూడా గుడికి తెస్తారు. మాస్టారు చేపను గుడికి తేలేరు కాబట్టి నదికి ఇచ్చేవారేమో. ఆయన నోటితో చెప్పనిదాన్ని ఖాయంగా చెప్పడం నాకు ఇష్టం లేదు. కాని ఆయన వేలితో చూపించి ఎన్నోసార్లు చదివించిన భాగం ఒకటి ఉంది. సువార్తల్లో చేపలు పట్టే ఘట్టాలన్నిటిలోనూ వలలే కనిపిస్తాయి, ఒక్క చోట మాత్రమే గాలం ఉంది. ఆలయపు పన్ను కట్టవలసి వచ్చినప్పుడు, వెళ్ళి గాలం వేసి మొదట వచ్చే చేపను పట్టుకోమని, దాని నోట్లో నాణెం దొరుకుతుందని యేసు పేతురుతో చెబుతాడు. మొదట వచ్చే చేప. ఆ మాట దగ్గర మాస్టారు వేలు ఆగేది.

మరణం గురించి మీరు అడిగినప్పుడు నాకు యోహాను సువార్త చివరి అధ్యాయం గుర్తుకు వస్తుంది. గురువు చనిపోయి లేచాక కూడా ఏం చేయాలో తోచక, పేతురు చేపలు పట్టడానికి పోతున్నానంటాడు. మిగిలినవారు మేమూ వస్తామంటారు. దుఃఖంలో ఉన్నవారు తమకు చేతనైన పని దగ్గరకు పోవడాన్ని ఆ అధ్యాయం ఎక్కడా తప్పుపట్టదు. రాత్రంతా ఏమీ పడదు. తెల్లవారుతుండగా ఒడ్డు మీద యేసు నిలబడి ఉంటాడు, వాళ్ళు ఆయనను గుర్తుపట్టరు. వల కుడి పక్కకు వేయమన్న మాట విని వేస్తే 153 పెద్ద చేపలు పడతాయి. అయితే వాళ్ళు ఒడ్డుకు చేరేసరికే నిప్పులమీద చేప, పక్కన రొట్టె సిద్ధంగా ఉన్నాయి. వచ్చి భోజనం చేయమంటాడు. ఆ భోజనం అయ్యాకే, నీవు ముసలివాడివైనప్పుడు చేతులు చాచుతావు, నీకు ఇష్టం లేని చోటికి వేరొకరు నిన్ను మోసుకుపోతారు అని పేతురు మరణం గురించి అతనితోనే చెబుతాడు. ముందు కడుపునిండా పెట్టి, తరువాత చావు మాట ఎత్తాడు. మాస్టారిని మట్టిలో దించి, నీవు మన్నే గనుక తిరిగి మన్నైపోదువు అన్న మాట చదువుతూ తలా గుప్పెడు మన్ను వేసినప్పుడు, నా మనసు ఆ ఒడ్డుమీది నిప్పుల దగ్గరే ఉంది. మా నిరీక్షణ అదే. చీకట్లో ఎంత సేపు ఖాళీ వల లాగినా, చేరేసరికి ఒడ్డున ఒకరు భోజనం సిద్ధం చేసి ఉంటారని నమ్ముతున్నాను. మీరు నమ్మాలని ఒత్తిడి చేయను. మాస్టారు మాత్రం నమ్మారు.

సమాధానం
రాసినవారు: ఎర్రనీరు

నేను దేవుణ్ని నమ్మను. మాస్టారికి అది తెలుసు, ఏనాడూ వాదించలేదు.

మీ రెండో ప్రశ్నకు నా జవాబు చిన్నది. వేడుక కోసం చంపడం, తెలిసి చంపడం ఒకటి కాదు. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే ఊళ్ళలో ఉంటూ ఆయన పులస ముట్టేవారు కాదు. శ్రావణంలో వరద నీటికి ఎదురీది, గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి పైకి వచ్చే చేప అది. ఆనకట్ట దగ్గర దాని దారి ఆగిపోతుంది, ఆ కిందనే వలలు కాచుకుని ఉంటాయి. అంత దూరం వచ్చినదాన్ని నేను తినలేను అనేవారు. అదే మనిషి కొర్రమీను కూరను తృప్తిగా తినేవారు, ఉంచుకోదలచిన చేపను గట్టు మీద కొట్టుకోనివ్వకుండా తలమీద ఒక్క దెబ్బతో ముగించేవారు. ఏది తీసుకోవచ్చు, ఏది తీసుకోకూడదు అని ఇంత జాగ్రత్తగా చూసుకున్న మనిషికి తన మరణం వైపు చూసే అర్హత లేకపోతే ఇంకెవరికీ ఉండదు. ఆయన చనిపోయాక ఎక్కడికి వెళ్ళారో నేను చెప్పలేను. మనకు మిగిల్చి వెళ్ళినది మాత్రం కళ్ళ ముందే ఉంది. మన రేవులో పాతికేళ్ళ లోపు కుర్రాళ్ళు ఇప్పుడు చేతులు తడుపుకుని గాని చేపను ముట్టుకోరు.

లాకుల గట్టు గారికి ఒక్క విన్నపం. ఆయన నెమలి ఈక కాడలతో గాలానికి నీటిమీద తేలే బెండ్లు చేసి అందరికీ పంచేవారు. వాటిని గాజు పెట్టెలో పెట్టి దాచకండి, వాడండి.

తిరుగు సమాధానం
రాసినవారు: లాకుల గట్టు

ముగ్గురికీ కృతజ్ఞతలు. మా నాన్నగారు ఉన్నారు కాబట్టి నేను తర్పణం చేయను. మహాలయ అమావాస్యనాడు మా మిత్రుడు గోష్పాద రేవులో చేస్తారు, నేను భోజనాల సంగతి చూసుకుంటాను. నిన్న సాయంత్రం మాస్టారి అబ్బాయితో మాట్లాడాను. రేవులో చేసుకోవడానికి ఆయనకు అభ్యంతరం లేదు, సమాధి దగ్గర మాత్రం వద్దన్నారు. అమ్మగారు ఇంకొక మాట అన్నారట: అన్నం పెట్టేచోట తమనూ పిలవమని.

మొదటి చేప ఎవరిదో ఆవిడను కూడా అడిగాను. "ఆయన నాకూ చెప్పలేదు బాబూ" అన్నారు. అతిపత్త నాయనారు కథ, పేతురు గాలం కథ రెండూ ఆవిడకు చదివి వినిపిస్తే, రెండూ ఆయన వినదగినవేనన్నారు.

నవంబరు 1న సమాధికి సున్నం వేసే పనికి రాగలవారు ఇక్కడ రాయండి. బ్రష్షులు, సున్నం సంఘంవారు తెస్తారు, గడ్డి పీకడానికి బొరిగెలు మనం తీసుకువెళ్ళాలి. మాస్టారి ఫోటోలు ఎవరి దగ్గరున్నా నాకు పంపండి. చేప పట్టుకున్నవి ఆయన అబ్బాయి దగ్గర చాలా ఉన్నాయట, వదులుతున్నప్పటివి ఒక్కటి కూడా లేవట.