సంక్రాంతిలోగా పాత ఇంటికి కళ తేవాలి: పెద్ద పని పెట్టుకోకుండా ఎంతవరకు సాధ్యం?

ప్రశ్న (అమలాపురం దగ్గరి పల్లె నుంచి)

నమస్కారం. మాది మా తాతగారు 1961లో కట్టించిన మండువా లోగిలి, అంటే నడుమ పైకప్పు లేని మండువా, దాని చుట్టూ గదులు ఉన్న ఇల్లు. గానుగ సున్నంతో కట్టిన మందపాటి గోడలు, పైన బెంగళూరు పెంకు, లోపల ఎర్ర గచ్చు. టేకు ద్వారబంధాలు, స్తంభాలు ఈనాటికీ చెక్కుచెదరలేదు. అయినా లోపల అడుగుపెట్టగానే ఇల్లంతా మసకగా, దిగులుగా కనిపిస్తోంది. పడమటి గదిలో ఉదయం పదకొండు గంటలకు కూడా లైటు వేసుకోవలసి వస్తోంది. గోడలు మోకాలెత్తు వరకు చెమ్మ పట్టి తెల్లటి పొడి రాలుస్తున్నాయి. నాలుగేళ్ల క్రితం ఒక పెయింటరు చేత పుట్టీ పెట్టించి ప్లాస్టిక్ ఎమల్షన్ వేయించాము. రెండు వర్షాకాలాలు తిరగకుండానే ఆ రంగు అప్పడంలా పొంగి, గోరు తగిలితే చాలు పెచ్చులుగా ఊడివచ్చింది.

గచ్చు తీసి టైల్స్ వేయించడం, ఫాల్స్ సీలింగ్ పెట్టించడం నాన్నగారికి సుతరామూ ఇష్టం లేదు, నాకూ లేదు. చెల్లెలు పిల్లలతో సంక్రాంతికి వస్తోంది. చేతిలో నలభై వేల రూపాయలు, రెండు నెలల వ్యవధి ఉన్నాయి. ఈ డబ్బు ముందు దేనిమీద పెట్టాలి? మళ్ళీ రంగులే వేయించాలా?

మొదటి జవాబు (పాలకొల్లు నుంచి)

ఈ సంక్రాంతికి గోడల జోలికి వెళ్ళకండి. ముప్పై ఏళ్ళుగా పాత ఇళ్ళ మరమ్మతులు చేయిస్తున్నవాడిగా చెబుతున్నాను, ఇప్పుడు ఏ రంగు వేయించినా ఆ డబ్బు గోదాట్లో పోసినట్టే.

మన డెల్టాలో కాలువలు పారినన్నాళ్ళూ భూమిలో నీరు పునాదులకు దగ్గరగానే ఉంటుంది. ఆ కాలపు ఇళ్ళలో పునాదికీ గోడకూ మధ్య చెమ్మను ఆపే పొర సాధారణంగా వేసేవారు కాదు కాబట్టి, దీపపు వత్తి నూనెను పీల్చినట్టు ఇటుక నీటిని పైకి పీలుస్తుంది. ఆ నీరు గోడ ముఖం మీదికి వచ్చి ఆరిపోతూ, తనతో తెచ్చిన ఉప్పును అక్కడే వదిలిపోతుంది. మీకు రాలుతున్న తెల్లపొడి అదే. సున్నపు పూత ఆ తేమను బయటికి పోనిస్తుంది, ప్లాస్టిక్ ఎమల్షన్ పోనివ్వదు. దారి మూసుకుపోయిన ఉప్పు రంగు వెనుకే గడ్డకట్టి పొరను బయటికి నెట్టేస్తుంది. కాబట్టి మీ పెయింటరు ఎంత పనిమంతుడైనా ఫలితం ఇంతకంటె బాగుండేది కాదు. ఎవరైనా సిమెంటు పూత పూయించమని సలహా ఇస్తే అసలే ఒప్పుకోకండి, చెమ్మ మోకాలి నుంచి నడుం దాకా ఎక్కుతుంది.

ఇప్పటికి ఊడిన పెచ్చులను గీకించి, తెల్లపొడిని పొడి బ్రష్షుతో దులిపించండి. నీళ్ళతో కడిగితే ఆ ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. తరువాత ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. పెరటి మట్టిని ఏటా గోడకు ఎగదోయడం వల్ల నేల గదిలోని గచ్చు కంటె ఎత్తుకు చేరి ఉంటే, దాన్ని జానెడు లోతు తీయించడానికి ఇద్దరు కూలీలు చాలు, నా అనుభవంలో దానికి మించిన మందు లేదు.

వేసవిలో కాలువలు కట్టేసిన తరువాత నూతుల్లో నీరు దిగుతుంది, గోడలూ కొంత ఆరుతాయి. అప్పుడు చెమ్మ గీతకు పైన ఒక అడుగు వరకు పాత పూత చెక్కించి, సున్నం ఇసుకతో తిరిగి పూయించి, గుల్లసున్నం (నత్తగుల్లలు కాల్చి చేసే సున్నం) మూడు పలుచని పూతలు వేయించండి. సున్నం తడిపేటప్పుడు నీళ్ళలో సున్నం వేయాలి గాని సున్నం మీద నీళ్ళు కుమ్మరించకూడదు. ఉడికి చిమ్మితే కళ్ళు పోతాయి. ఒక రాత్రి నాననిచ్చి గుడ్డలో వడకట్టాలి. నీలిమందును గుడ్డలో మూటకట్టి ఆ సున్నంలో రెండు తిప్పులు తిప్పి తీసేస్తే చాలు. ఎక్కువైతే ఇల్లు ఆసుపత్రి వార్డులా తయారవుతుంది.

రెండవ జవాబు (నరసాపురం నుంచి)

పై జవాబులోని ప్రతి మాటా నిజమే, అయితే పండక్కి వచ్చేవారి కళ్ళు మోకాలి కింది గోడ మీద పడేకన్నా ముందు ఇంట్లోని చీకటి మీద పడతాయి. అందువల్ల ముందు వెలుతురు సంగతి చూడండి. పడమటి గదిలో కిటికీకి అడ్డంగా ఏముందో మీరు రాయలేదు. మా ఇంట్లో ఇనప బీరువా ఉండేది. అమ్మ పెళ్ళినాటి నుంచి అది అక్కడే ఉంది కాబట్టి దాని వెనుక కిటికీ ఉందన్న మాటే మేమందరం మరిచిపోయాము.

గదిలోని సామానంతా ఒకరోజు అరుగు మీదికి చేర్పించి, ఆ రాత్రి గదిని ఖాళీగా వదిలేసి, మరునాడు కావలసినవి మాత్రమే ఒక్కొక్కటిగా లోపలికి తెచ్చుకోండి. మేము అలా చేసినప్పుడు పని చేయని టేబుల్ ఫ్యాన్లు మూడు, ఎవరూ వాడని స్టీలు బిందెలు పదకొండు బయటే మిగిలిపోయాయి. లోపలికి వచ్చిన సామానును గోడకు ఆనించకుండా బెత్తెడు ఎడంగా పెడితే వెనుక గాలి ఆడుతుంది, బూజు పట్టదు.

పెంకుటిల్లు కాబట్టి మీకు ఒక వెసులుబాటు ఉంది. గదికి రెండు చొప్పున మట్టి పెంకులు తీసి వాటి స్థానంలో గాజు పెంకులు పెట్టించవచ్చు. మీ పెంకు అచ్చుకు సరిపోయేవే తీసుకోవాలి, లేకపోతే వాన కారుతుంది. రెండు చాలు, నాలుగు పెడితే వైశాఖంలో ఆ గదిలో కూర్చోలేరు.

ఎర్ర గచ్చుకు యాసిడ్ తగలనివ్వకండి. కుంకుడు రసంతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, కొబ్బరినూనె చుక్కలు వేసిన గుడ్డతో గట్టిగా రుద్దించండి. నూనె తేలి ఉంటే పెద్దవారు జారిపడతారు, కాబట్టి పొడిగుడ్డతో మళ్ళీ తుడిపించండి. ఎల్ఈడీ బల్బులు కొనేటప్పుడు అట్టపెట్టె మీద కెల్విన్ అంకె చూడండి. 6500 అంటే నీలివన్నె తెలుపు, అది టేకును బూడిదరంగులో చూపిస్తుంది. 2700 నుంచి 3000 లోపువి కొంటే ఆ కర్రకూ ఎర్ర గచ్చుకూ వన్నె వస్తుంది. కొత్త లైట్లకు ముందు పాత వైరింగును మాత్రం ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.

మా ఊరి లేసు గురించి చెప్పకుండా ఉండలేను. భౌగోళిక గుర్తింపు కూడా దక్కిన ఈ అల్లికను చాలామంది టీవీ మీద కప్పి పాడుచేస్తున్నారు. కిటికీ కింది సగానికి పలుచని తెరగా కట్టి చూడండి, వీధి కనపడదు, వెలుతురు ఆగదు.

మూడవ జవాబు (కడియం నుంచి)

నర్సరీల మధ్య ఉంటాను కాబట్టి మొక్కలు కొనమంటానని అనుకుంటారేమో. చెమ్మ గోడలున్న గదుల్లో కుండీలు వద్దు. అన్నీ మండువాలోనే పెట్టండి. అన్నట్టు, వానజల్లు పడకుండా మండువా మీద ఫైబర్ రేకు గాని వేయించారా? ఎండకు ముదిరి పసుపెక్కిన రేకు ఇల్లంతటికీ వెలుతురు తగ్గిస్తుంది. పెయింటు సంగతి తరువాత, ముందు దాన్ని మార్పించండి.

ప్రశ్న అడిగినవారి నుంచి, మూడు వారాల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. కిటికీకి అడ్డంగా ఉన్నది బీరువా కాదు, ధాన్యపు గాదె. పదిహేనేళ్ళుగా అందులో గింజ లేదు. దాన్ని జరిపించేసరికి వెనుక మా నానమ్మ వేయించిన ఆకుపచ్చ రంగు కిటికీ తలుపులు కొత్తవాటిలా బయటపడ్డాయి. మండువా మీద రేకు ఉన్న మాట కూడా నిజమే. కడిగితే సరిపోతుందని ముందు పైకెక్కి రుద్దాను, అది చిట్లిపోయింది, దాంతో మార్పించక తప్పలేదు. రేకు, గాజు పెంకులు, వైరింగు, బల్బులు, కూలీలు అన్నీ కలిపి ఇరవై ఆరు వేలయ్యాయి. మిగిలినది గోడలకు దాచాము. తవ్వించి చూస్తే తూర్పు వైపు మట్టి గచ్చు కంటె నాలుగు అంగుళాలు ఎత్తున ఉంది.

నాన్నగారు పడక కుర్చీని ఆ కిటికీ పక్కకు లాక్కుని లైటు లేకుండానే పేపరు చదువుతున్నారు. పాలకొల్లు వారికి ఒక చిన్న ప్రశ్న: మా వైపు దుకాణాల్లో సంచుల్లో వచ్చే పొడి సున్నమే ఉంది, గుల్లసున్నం దొరకడం లేదు. పై పూతకు అది పనికివస్తుందా, లేక వేసవిలోగా గుల్లసున్నమే వెతికి తెప్పించుకోవాలా?