రూవాన్ లాంటి రోడ్డు సర్క్యూట్లు మూసేయడం సబబేనా?

గేరుమార్చు_గిరి
పోయిన ఆదివారం ప్యారిస్ నుంచి కారేసుకుని రూవాన్ వెళ్లొచ్చాను. 1952 నుంచి 1968 మధ్య ఐదుసార్లు ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీ, అంటే ప్రపంచ ఛాంపియన్‌షిప్ కారు రేసు, జరిగిన రోడ్డు అది. ఆరున్నర కిలోమీటర్లు, అడవిలో జర్రున దిగే మలుపులు, అడుగున రాళ్లు పరిచిన హెయిర్‌పిన్. 1957లో రేసర్ ఫాంజియో ఆ దిగుడులో మజెరాటీ కారుని పక్కకి జారిస్తూ పోయే ఫొటోలు మనలో చూడనివాళ్లు ఉండరు. 1994కల్లా రేసులు ఆగిపోయాయి, 1999లో జనం కూర్చునే స్టాండ్లూ, రేసు బళ్లు ఆపి సరిచేసే పిట్‌లూ కూడా కూలగొట్టారు. ఇప్పుడు మామూలు రోడ్డే. ఒక మలుపు దగ్గర నిలబడి చూస్తుంటే ఒక పెద్దావిడ కారాపి, దారి తప్పారా అని అడిగింది! మూసేయడం తప్పు అంటాను. మీరేమంటారు?

హారన్_హైదరాబాదీ
2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ దగ్గర ఫార్ములా ఈ అని కరెంటు కార్ల రేసు పెట్టినప్పుడు లక్డీకాపూల్‌లో గంటన్నర ఇరుక్కున్నా. రోడ్లని రోడ్లలాగే ఉండనివ్వండి సామీ.

స్వాతి_నెల్లూరు
ఫాంజియో గురించి రాశారు, 1968 గురించి రాయలేదేం గిరి గారూ? వానలో, మూడో ల్యాప్‌లో, రేసర్ జో ష్లెసర్ నడిపిన హోండా కారు గట్టుకి గుద్దుకుని తగలబడిపోయింది. మనిషి అక్కడే పోయాడు. 1973లో అక్కడే ఫార్ములా 2 (ఫార్ములా 1కి కింది మెట్టు) రేసు ప్రాక్టీసులో గెరీ బిరెల్ అనే డ్రైవర్ పోయాడు. ఒక పక్క గట్టు, ఒక పక్క చెట్లు, బండి అదుపు తప్పితే ఎటు పోవాలి? మూయక ఏం చేస్తారు?

గేరుమార్చు_గిరి
ష్లెసర్‌ని చంపింది రోడ్డు కాదండీ, ఆ బండి. ఆ హోండా మోడల్, ఆర్‌ఏ302, ఒళ్లంతా మెగ్నీషియం, నిండా పెట్రోలు. హోండాకి నడిపే జాన్ సర్టీస్ దాన్ని టెస్ట్ చేసి ఇది సేఫ్ కాదు, నేను ఎక్కను అన్నాడు. అయినా వినకుండా తీసుకొచ్చి ఫ్రెంచివాడని ష్లెసర్‌కి ఇచ్చారు. అదే రేసులో, అదే రోడ్డు మీద, అదే వానలో సర్టీస్ ఇంకో హోండాతో రెండో స్థానంలో వచ్చాడు. మరి రోడ్డుదా తప్పు? ఆ తర్వాత కూడా పాతికేళ్లు అక్కడ చిన్న రేసులు జరిగాయి కదా. అంత ప్రమాదమైతే అప్పుడే మూసేవాళ్లు. జనం తిరిగే రోడ్డుని కొత్త రూల్స్‌కి తగ్గట్టు మార్చే ఖర్చు ఎవరూ పెట్టుకోలేదు, అంతే. ఊరికే సేఫ్టీ మీద నెట్టేస్తారు.

పాత_యెజ్డీ
మెగ్నీషియం అంటుకుంటే నీళ్లు కొట్టినా ఆరదు, ఇంకా మండుతుంది. ఆ మాట నిజం.

స్వాతి_నెల్లూరు
బిరెల్‌దీ మెగ్నీషియమేనా?

గేరుమార్చు_గిరి
టైరు పోయింది. అదీ రోడ్డు తప్పు కాదు.

పిట్‌వాల్_ప్రసాద్
మధ్యేమార్గం ఉందిగా. బెల్జియంలో స్పా సర్క్యూట్ పాతది 14 కిలోమీటర్లు, 1979లో కుదించి ఏడు చేశారు, 1983లో ఫార్ములా 1 తిరిగొచ్చింది. అసలు మీరిద్దరూ డ్రైవర్ల గురించే కొట్టుకుంటున్నారు. 1955లో ఫ్రాన్స్‌లో లె మాన్స్ రేసులో 80 మందికి పైగా పోయింది చూడ్డానికి వచ్చినవాళ్లే. ఆ దెబ్బకి స్విట్జర్లాండ్ సర్క్యూట్ రేసుల్నే నిషేధించింది, బెర్న్‌లో బ్రెమ్‌గార్టెన్ సర్క్యూట్ అలా పోయింది.

గేరుమార్చు_గిరి
రూవాన్‌నీ కుదించారు ప్రసాద్, డెబ్బైల మొదట్లో మోటార్‌వే వేసేటప్పుడు. ఏం ఒరిగింది?

పాత_యెజ్డీ
మద్రాసు పక్కన షోళవరం రన్‌వే మీద రేసులకి మా నాన్న నన్ను భుజాన ఎక్కించుకుని తీసుకెళ్లేవాడు. అది వదిలేసి 1990లో ఇరుంగాట్టుకోట్టైలో అసలు ట్రాకే కట్టుకున్నారు. రేసులేం ఆగలేదు.

స్వాతి_నెల్లూరు
మా తమ్ముడు 2019లో బైపాస్ మీద రాత్రి పందెంలో పోయాడు. 22 ఏళ్లు. ఆస్పత్రి బయట వాడి ఫ్రెండ్స్ కూడా అచ్చం మీలాగే మాట్లాడారు. బ్రేకు పట్టలేదక్కా, బండిదే తప్పక్కా అని. ఎప్పుడూ బండిదే తప్పు.

గేరుమార్చు_గిరి
అయ్యో, బాధగా ఉందండీ. కానీ అది రేసు కాదు కదా. మార్షల్ లేడు, అంబులెన్స్ లేదు. రేసర్ అన్నీ తెలిసి దిగుతాడు. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడితే చర్చ సాగదు.

స్వాతి_నెల్లూరు
బోడిగుండా? సరే. వాడూ తెలిసే దిగాడు, నాకు వాడి మీద కోపం లేదు. డివైడర్ మీద వరసగా కూర్చుని ఫోన్లలో తీసినవాళ్ల మీద కోపం. ఒకడు ఆ వీడియోకి పాట కూడా పెట్టాడు. భయం నడిపేవాడిది, మజా కూర్చున్నవాడిది. మీకు కావాల్సిందీ ఆ మజానే, దానికి చరిత్ర అని పేరు పెట్టుకున్నారు.

హారన్_హైదరాబాదీ
అమ్మో.

గేరుమార్చు_గిరి
అంటే నేను చావులు చూసి ఆనందించే రకమా? ఒక్క నిమిషం ఆగండి.

ఒప్పుకుంటాను, బయల్దేరే ముందు రాత్రి ష్లెసర్ మంటల వీడియో చూశాను. ఆ మలుపు ఎక్కడో గుర్తుపట్టడానికి. పెద్దావిడ కారాపింది అక్కడే, ఆవిడకి ఏం చెప్పాలో తెలియక ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాను. కానీ రేసులు మళ్లీ పెట్టమని నేననలేదు. ఆనవాలన్నా ఉంచొచ్చు కదా అంటున్నా. ఫ్రాన్స్‌లోనే రైమ్స్ దగ్గర గ్యూ అనే ఊళ్లో ఇలాంటి రోడ్డు సర్క్యూటే ఉంది, 1972 నుంచి రేసుల్లేవు, అయినా పిట్‌లూ స్టాండూ రోడ్డు పక్కనే నిలబడి ఉన్నాయి, ఊరివాళ్లూ అభిమానులూ రంగులేసి కాపాడుకుంటున్నారు.

స్వాతి_నెల్లూరు
పైన మీరు రాసింది "మూసేయడం తప్పు" అని. మళ్లీ చూసుకోండి.

ఇక ఆనవాలంటారా. వాడు పడ్డచోట డివైడర్‌కి మా అమ్మ రెండేళ్లు దండ వేసింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అది పీకేశారు. అమ్మ రోజంతా ఏడ్చింది. నాకు మాత్రం అప్పుడే కాస్త ఊపిరాడింది. అటువైపు బస్సులో వెళ్లగలుగుతున్నాను. ఈ విషయంలో అమ్మకీ నాకూ ఇప్పటికీ పడదు, మీకూ నాకూ ఏం పడుతుంది.

పాత_యెజ్డీ
గిరీ, ఆ గ్యూ పిట్‌ల దగ్గర బండి ఆపుకోడానికి చోటుందా? మే నెలలో అటు వస్తున్నాం.