అప్‌డేట్: దుగ్గిరాలలో మా పాత ఆయిల్ ఇంజన్ స్టార్ట్ అయింది

షెడ్డులో ఏళ్లుగా పడున్న నాన్నగారి 5 హెచ్‌పీ డీజిల్ ఇంజన్ బిగుసుకుపోయిందని, ఫ్లైవీల్ కదలట్లేదని ఇంతకుముందు అడిగాను. సలహా చెప్పిన అందరికీ దండాలు. ఇంజన్ నడుస్తోంది, కాలవ నీళ్లు పసుపు చేలోకి ఎక్కుతున్నాయి.

"హ్యాండిల్‌తో బలవంతం చేయొద్దు" అన్న మాటే కాపాడింది. నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) విప్పి, ఆ రంధ్రంలో డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి పోసి నానబెట్టాం. తర్వాత ఫ్లైవీల్‌ని అటూ ఇటూ కొద్దికొద్దిగా ఊపితే పిస్టన్ వదిలింది. నాజిల్ బిగించకముందే ఇంజన్ తిప్పి, పోసిన ఆయిలంతా బయటికి కొట్టించాం. అది లోపల మిగిలితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

అసలు ప్రమాదం డీజిల్ పంపులో ఉంది. ఇంజన్‌కి ఎంత డీజిల్ వెళ్లాలో మార్చే రాక్ అనే కడ్డీ జిగటపట్టి ఫుల్ దగ్గరే ఇరుక్కుంది. అలాగే స్టార్ట్ చేస్తే స్పీడుని అదుపులో ఉంచే గవర్నర్ కూడా ఏమీ చేయడానికి ఉండదు, ఇంజన్ అదుపు తప్పి స్పీడందుకుంటుంది. శుభ్రంగా కడిగి, వేలితో తోస్తే రాక్ సాఫీగా కదిలేదాకా మెకానిక్ బాబాయ్ నన్ను హ్యాండిల్ ముట్టుకోనివ్వలేదు. ఆయన జాగ్రత్త చూసి గౌరవం పెరిగింది. ఒకవేళ ఇంజన్ అదుపు తప్పితే గాలి దారి మూసి ఆపడానికి చెక్క కూడా పక్కనే పెట్టించాడు.

పాత డీజిల్, ఆయిల్, ఫిల్టర్ మార్చేశాం. డీజిల్ పైపుల్లో చేరిన ఎయిర్ తీసి, ఇంజన్ తేలిగ్గా తిరగడానికి లోపలి ఒత్తిడి వదిలించే డీకంప్రెషన్ లివర్ ఎత్తి, జోరుగా తిప్పి లివర్ వదిలితే మొదట తెల్లపొగ వచ్చింది, ఆ తర్వాత అందుకుంది.

లోడు మీద ఇంకా నల్లపొగ వస్తోంది. నాజిల్‌ని తెనాలిలో టెస్టింగుకి ఇస్తున్నాను.