రాక్షసి బల్లి: తప్పు బల్లిదా, రాక్షసిదా?

మొన్న ఆదివారం భోజనాల దగ్గర మా ఎనిమిదేళ్ల పాప కోడికాలు చేత్తో పట్టుకుని "నాన్నా, ఇది డైనోసార్, తెలుసా?" అంది. తెలుసమ్మా అన్నాను. "మరి నువ్వు రాక్షస బల్లి అంటావేం, ఇది బల్లా?" అంది. ముందు తిను అని అప్పటికి తప్పించుకున్నాను కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు, అందుకే ఇక్కడికి తెచ్చాను.

పాప చెప్పింది నిజమే. పక్షులు డైనోసార్ల సంతతి, ఆ మాటకొస్తే అవీ డైనోసార్లే. వాటి తర్వాత ఇప్పుడు బతికున్నవాటిలో దగ్గరి చుట్టం మొసలి. బల్లి బాగా దూరపు చుట్టం, పెళ్లికి పిలవకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. అయితే ఈ తప్పు మనవాళ్లది కాదు. 1842లో రిచర్డ్ ఓవెన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త గ్రీకు మాటలు రెండు కలిపి 'డైనోసారియా' అని పేరు పెట్టాడు, అందులో 'సారస్' అంటే బల్లి జాతి ప్రాణి. మనవాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు దించారు. చిక్కల్లా ఏమిటంటే తొండ, ఉడుము, నలికిరి, ఊసరవెల్లి, ఇలా విడివిడిగా బోలెడు పేర్లున్నాయి గానీ అన్నిటికీ కలిపి వాడుకలో ఒక్క మాట లేదు. దాంతో ట్యూబ్‌లైట్ వెనక పురుగుల కోసం కాపు కాసే ఆ వేలెడు జీవికి నలభై అడుగుల బాధ్యత అంటగట్టారు. కనీసం ఉడుము అన్నా కొంత పరువుగా ఉండేది. బల్లి అనగానే మనకి గుర్తొచ్చేది పంచాంగంలో బల్లిపాటు ఫలితాలు. ఈ బల్లి నెత్తిన పడితే ఫలం ఏమిటో చూసుకోవడానికి మనిషి మిగలడు, కంచికి పోయి బంగారు బల్లిని ముట్టుకొచ్చినవాళ్లు కూడా!

నా అసలు గొడవ మొదటి మాట గురించి. 'రాక్షస' అంటే పిల్లల్ని భయపెట్టే చవకబారు మాట, తీసేయాలి అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఓవెన్ ఉద్దేశంలో కూడా ఆ 'డైనో' ఒట్టి భయంకరం కాదు, భయం పుట్టించేంత పెద్దది అని. మనం పని రాక్షసుడు అన్నప్పుడు తిడుతున్నామా? అంతకన్నా ముఖ్యం, మన దగ్గర ఈ మాటకి ఇంకో వాడుక ఉంది. మా నాన్నది బొగ్గుబాయిలో పని. మా ఇంటి చుట్టుపక్కల అందరూ బొగ్గు అనేవాళ్లు, అంతే. కోస్తా నుంచి వచ్చిన మా అమ్మమ్మ మాత్రం "రాక్షసి బొగ్గు" అనేది, ఆవిడ లెక్కలో ఒట్టి బొగ్గంటే పొయ్యిలో కట్టె కాలి మిగిలేది. ఊరి బయట పెద్ద పెద్ద బండలతో కట్టిన ఇనుప యుగం సమాధుల్ని చాలా పల్లెల్లో రాక్షసి గుళ్లు అంటారు. అంటే నేలలోంచి బయటపడ్డదీ, ఎవరు చేశారో ఎప్పటిదో తెలియనిదీ, మనిషి కొలతకి అందనిదీ రాక్షసిది అన్నమాట. అలాంటప్పుడు నేల తవ్వితే దొరికే ఆ ఎముకలకి ఇంతకన్నా సరిపోయే మాట ఏముంది?

ఇక్కడ నాకు భలే నచ్చిన సంగతి ఒకటి. ప్రాణహిత–గోదావరి లోయలో అడుగు పొరల్లో ఉన్నది మన బొగ్గు, పాతిక కోట్ల ఏళ్లు దాటినది. దాని మీది పొరల్లో, సిరోంచ దగ్గరి కోట అనే ఊరి పేరుతో పిలిచే రాళ్లలో, జురాసిక్ కాలం డైనోసార్లు దొరికాయి. ఒకటి బారాపాసారస్ టాగోరీ. బెంగాలీలో పెద్ద కాలు అని పేరు, తొడ ఎముకే ఐదున్నర అడుగులు, తవ్వకాల కాలంలో రవీంద్రుడి శతజయంతి వచ్చిందని ఆయన పేరూ చేర్చారు. రెండోది పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి అనే ఊరి దగ్గర దొరికింది, 1988లో యాదగిరి గారనే భూగర్భ శాస్త్రవేత్త పేరు పెట్టారు: కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. అంటే కింద రాక్షసి బొగ్గు, పైన రాక్షసి బల్లి, ఒకే లోయలో! పైగా ఆ పేరులో బల్లి గ్రీకులో ఉంది, పల్లి తెలుగులో ఉంది.

జవాబు 1: రాక్షస బల్లి అనకండి, వైరి సమాసం. సంస్కృత పదాన్ని అలాగే ఉంచి పక్కన తెలుగు మాట అతికించకూడదు. రాక్షసీ అన్నదాన్ని పొట్టి చేసి రాక్షసి అంటే తెలుగు రూపం వచ్చేసింది, ఇక ఏ తెలుగు మాట పక్కనైనా కూర్చుంటుంది. మీ అమ్మమ్మ గారు వ్యాకరణం చదవకుండానే సరిగ్గా అన్నారు.

జవాబు 2: ఇదంతా ఎందుకండీ, డైనోసార్ అనేస్తే పోదా? మా బళ్లో లెక్కల మాస్టార్ని వెనకాల 'డైనో సారు' అనేవాళ్లం. ఇంతకన్నా తెలుగైన మాట ఉందా?

జవాబు 3: మధ్యప్రదేశ్ ధార్ జిల్లాలో ఒక పల్లెలో గుండ్రటి రాళ్లని కాకర్ భైరవుడని తరతరాలుగా కొలుస్తున్నారు, అవి డైనోసార్ గుడ్లని శాస్త్రవేత్తలు చెప్పినట్టు 2023లో వార్త వచ్చింది. మనం రాక్షసి అంటే వాళ్లు దేవుడన్నారు, అంతే తేడా.

మళ్లీ నేనే: సమాసం సంగతి చెప్పినందుకు థాంక్సండీ, టైటిల్ ముందే రాక్షసి అని పెట్టడం నా అదృష్టం. డైనో సారుకి నా ఓటు కూడా. ఇంకో పేరు చెప్పడం మర్చిపోయా, ఆ యాదగిరి గారే ఇంకొకరితో కలిసి తమిళనాడులో దొరికిన ఓ భారీ జీవికి బృహత్కాయోసారస్ అని పెట్టారు. ఆ ఎముకలు తర్వాత పొడిపొడి అయిపోయాయట, కానీ పేరు చూడండి, నోరంతా నిండిపోతుంది! పాపకి చెప్తే రెండు రోజులుగా వాళ్ల తాతని అలాగే పిలుస్తోంది, ఆయనకి అర్థం తెలిసి కూడా నవ్వుతున్నారు. వచ్చే వారం కోటాసారస్‌ని చూపించడానికి హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకెళ్తున్నా. ఈమధ్య వెళ్లినవాళ్లుంటే చెప్పండి, లోపల ఫోటోలు తీయనిస్తున్నారా?