మోడు కొబ్బరి తీసేస్తే చిలకలకి పెట్టె కట్టొచ్చా? గోరింకలతో ఎలా?

లంకతోట:
అంబాజీపేట దగ్గర తోటలో తల విరిగిన కొబ్బరి మోళ్లు రెండున్నాయి, తొర్రల్లో రామచిలకలు. కొమ్ముపురుగు పెరుగుతుంది, కొట్టేయమంటున్నారు. బదులుగా చెక్కపెట్టె కడితే గోరింకలు ముందే దూరుతున్నాయి. కరీబియన్ దీవి ప్యూర్టో రికోలో చిలకకి ఇలాంటి తిప్పలొస్తే పెట్టె మార్చి కాపాడారట. ఆ కిటుకేంటండీ?

గట్టుమీద:
అక్కడ తొర్రలు లాక్కునేది త్రాషర్ అనే పిట్ట. 1975లో అడవిలో మిగిలినవి 13 చిలకలే. అడుగు కనపడని చీకటి తొర్రలోకి త్రాషర్ దిగదని గమనించి పెట్టెలు బాగా లోతుగా చేశారు. పక్కనే లోతు తక్కువ పెట్టె త్రాషర్‌కే వదిలారు. అందులో చేరిన జంట మిగతా త్రాషర్లని దగ్గరికి రానివ్వదు. దొంగ చేతికే తాళాలిచ్చారన్నమాట, పనిచేసింది కూడా.

మీరు లోపల 20 సెం.మీ. చదరం, బెజ్జం 6 సెం.మీ., బెజ్జం నుంచి అడుక్కి 60 సెం.మీ. ఉంచండి. బెజ్జం తగ్గించి గోరింకని ఆపలేరు, చిలక పట్టే చోట అదీ పడుతుంది. దిగడానికి లోపల ఉలితో గాట్లు పెట్టండి. ఇనప వల కొడితే గోళ్లు ఇరుక్కుంటాయి. అడుగున 4 చిల్లులు, పైన 5 సెం.మీ. ముతక చెక్కపొట్టు. పీచు మాత్రం వద్దు, పిల్లల కాళ్లకి చుట్టుకుంటుంది. కార్తీకంలోనే కట్టేయండి: చిలకలు సంక్రాంతికి అటూ ఇటూ తొర్రలు చూసుకుంటాయి, గోరింకల జోరు ఎండల్లో.

తొర్రపిట్ట:
కాపు చెట్టుకి మేకు కొట్టకండి, గాయం దగ్గర ఎర్రముక్కు పురుగు గుడ్లు పెడుతుంది. నైలాన్ తాడుతో కట్టండి. ఎలుకలకి 2 మీటర్ల ఎత్తున 40 సెం.మీ. రేకు చుట్టాలి. అయితే మన తోటల్లో మట్టకి మట్ట తగులుతుంది, ఎలుక పైనుంచే దాటుతుంది, రేకు దండగ. గట్టు చివర ఒంటి చెట్టు వెతకండి, అదీ దింపు లేనిది, అంటే కాయలు కోయడానికి ఎవరూ ఎక్కనిది. గోరింక గడ్డీ ప్లాస్టికూ తెచ్చి నింపుతుంటే గుడ్లు పెట్టకముందే తీసేయాలి. పెట్టాక ముట్టొద్దు.

గట్టుమీద:
ఇంకోటి, పెట్టెలన్నీ ఒకే తోటలో వద్దు. 2017లో మరియా తుఫానుకి ప్యూర్టో రికోలోని ఎల్ యుంకే అడవిలో చిలకల గుంపు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 2006 నుంచి అదే దీవిలో రియో అబాహో అనే మరో అడవిలో వదిలిన గుంపు ఉండబట్టి అడవి చిలక మిగిలింది. 1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమకి ఇది వేరే చెప్పాలా!

మోళ్ల సంగతి: గుడ్లు పొదగడానికి 22-24 రోజులు, పిల్లలు ఎగరడానికి మరో ఏడు వారాలు. కాబట్టి జనవరి నుంచి మే దాకా గొడ్డలి పెట్టొద్దు. రామచిలక వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూల్లో ఉంది, గూడు చెదరగొడితే కేసే. తర్వాత కొట్టినా ఒక్కటే కొట్టండి, ఆ దుంగని చీల్చి ఎండబెట్టండి. తోటలో పడేసి కుళ్లబెడితే కొమ్ముపురుగుని మీరే పెంచినట్టు. అన్నట్టు, మీ పేడగుంట తిరగేసి చూశారా? ఆ పురుగు ఎక్కువగా పెరిగేది అక్కడే.