అప్‌డేట్: కొడుకును పోగొట్టుకున్న అక్కతో ఎలా మాట్లాడాలని అడిగాను (అనంతపురం)

మూడు నెలల కిందట అడిగాను: ప్రమాదంలో కొడుకును పోగొట్టుకున్న పక్కింటి అక్కను ఎలా ఓదార్చాలి, అందుకు కౌన్సెలింగ్ కోర్సు చేయాలా అని. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పనిచేసింది ఒక్కటే: "సలహాలివ్వొద్దు, అబ్బాయిని పేరుపెట్టి తలుచుకో" అన్న మాట. ఏడుస్తుందేమోనని టెన్షన్ పడ్డాను. ఏడ్చింది. తర్వాత "వాడి పేరెత్తడమే మానేశారు పాపా అందరూ" అని, వాడికి ఉగ్గాని ఎంత ఇష్టమో గంటసేపు చెప్పింది. అంతకుముందు నేనన్న "దేవుడి రాత", "ధైర్యంగా ఉండు" గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది. "ఏమైనా కావాలంటే చెప్పక్కా" అనడం కూడా మానేసి, అడక్కుండానే రోజూ సాయంత్రం సంగటి పట్టుకెళ్లాను.

దుఃఖం ఐదు దశల్లో (నమ్మలేకపోవడం నుంచి ఒప్పుకోవడం దాకా) సాగుతుందని నేను చదివింది అక్కరకు రాలేదు. 1969లో వచ్చిన ఆ మాట చావుకు దగ్గరైన రోగుల గురించి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేశాను. ఉచితం, తెలుగులోనే మాట్లాడారు. దుఃఖం జబ్బు కాదన్నారు. ఆరు నెలలు దాటినా రోజువారీ పనులు చేసుకోలేకపోతే డాక్టరుకు చూపించాలి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగొచ్చు, అడిగితే ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకూడదు.

కోర్సులో చేరలేదు. అక్క పోయిన వారం నుంచి మళ్లీ కుట్టుమిషన్ ముందు కూర్చుంటోంది.