అప్‌డేట్: మా ఆయన బ్యాండ్‌తో టూర్‌కి వెళ్లాను

మా ఆయన రాక్ బ్యాండ్‌తో పది రోజుల టూర్‌కి వెళ్లాలా, హైదరాబాద్‌లోనే ఉండిపోవాలా అని పోయిన నెల అడిగాను. పాపను వదలలేకపోవడం, వాళ్ల మధ్య నేను అడ్డమవుతానేమోనన్న టెన్షన్, రెండూ చెప్పాను. వెళ్లాను. పాపను అత్తయ్య చూసుకున్నారు.

తెల్లవారుజామున ఎల్‌బీ నగర్ నుంచి వ్యాన్‌లో బయల్దేరాం. విజయవాడకు దాదాపు 275 కిలోమీటర్లు. సూర్యాపేటలో టీ తాగుతుంటే డ్రమ్స్ వాయించే అబ్బాయి "వదినా, డబ్బుల లెక్క మీరు చూస్తారా?" అన్నాడు. డీజిల్, టోల్, గదుల అద్దె అన్నీ నా నోట్‌బుక్‌లోకి వచ్చేశాయి. నాకంటూ ఒక పని దొరికాక ఇక పరాయిగా అనిపించలేదు. ఒకచోట నిర్వాహకుడు సగం డబ్బులు ఇంకా ఇవ్వలేదు, ఆ లెక్క కూడా నా దగ్గరే ఉంది.

ఇయర్‌ప్లగ్స్ తీసుకెళ్లమన్నవాళ్లకు దండం పెట్టాలి. 100 డెసిబెల్స్ శబ్దంలో పావుగంటకు మించి ఉంటే చెవులకు ప్రమాదం, మరి షో రెండు గంటలు!

విశాఖ ఉక్కపోతకి గిటార్ శ్రుతి తప్పింది. ఆయన పాత లుంగీ ముక్కతో ఒక్కో తీగా తుడిచి, మీటి, తల వంచి విని, బిరడా వెంట్రుకవాసి తిప్పి, మళ్లీ మీటేవారు. తొమ్మిదేళ్ల కాపురంలో ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు. చూస్తూ ఉండిపోయాను.

బెంగళూరు షో మాత్రం చూడలేదు. పాపకు జ్వరమని ఫోన్ వస్తే విశాఖలోనే రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగాను. ఇప్పుడు తగ్గింది. వచ్చే టూర్‌కి సెలవు అప్పుడే అడిగేశాను.